నూనె బెజ్జం మీద బొట్టు

మా ఊళ్లో నన్ను ఆయిలప్పారావు అంటారు. ఇంటిపేరు ఎవరికీ గుర్తు లేదు. శుభలేఖల మీద కూడా అలాగే రాసి ఇచ్చేవారు. అనకాపల్లి మెయిన్ రోడ్డు వెనక సందులో చిన్న షాపు పెట్టుకుని, తోలు కుట్టే పాత మిషన్లు విప్పడం, కడగడం, నూనె వేసి మళ్లీ బిగించడం చేసేవాణ్ణి. మోకాళ్లు నా మాట వినడం మానేశాక షాపు మూసేశాను. అప్పట్నుంచి ఈ పని నేర్చుకుంటామని ఎవరో ఒకరు ఇంటికి వస్తున్నారు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు కనుక ఇది రాస్తున్నాను.

నేనెంత గొప్ప మెకానిక్కునో ఇందులో ఉండదు. ఆ సంగతి కావాలంటే మా ఆవిడని అడగండి. మా ఇంట్లో మిక్సీ పాడై ఏడాది దాటింది.

మిషను తనంతట తాను పాడవదు

టైలరు షాపుల్లో కనిపించే మిషన్లు వేరు, మావి వేరు. చెప్పులు, బెల్టులు, ఎడ్ల మెడకి కట్టే తోలు పట్టెడలు, ఇవీ మా మిషన్లు కుట్టేవి. మా తాతల కాలంలో ఓడ దిగి వచ్చినవి. కొన్ని ఇంగ్లండువి, కొన్ని జర్మనీవి. చెప్పు లోపలికి దూరి కుట్టడానికి ముందుకి సాగిన సన్నటి ఇనప చెయ్యి ఉంటుంది. సూది పక్కన తోలుని అదిమిపట్టే పాదం ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, కాబట్టి చెప్పుని తిప్పుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఇంత తెలివిగా చేసినవాళ్లు ఒక్క సంగతి ఊహించలేదు. దానికి నూనె వేసేది మనమని వాళ్లకి తెలీదు.

ఈ మిషన్లకి కావలసింది నీళ్లలా తేటగా ఉండే మిషను ఆయిలు. పొద్దున్నే పని మొదలెట్టేముందు నూనె బెజ్జానికో చుక్క వేస్తే చాలు. ఈ ఒక్క ముక్క జనానికి ఎక్కించడంలోనే నా సర్వీసంతా అయిపోయింది. ఎందుకంటే మన ఇళ్లలో నూనెలకి కొదవ లేదు. కొబ్బరినూనె వేసేవాళ్లు కొందరు. అది కొన్నాళ్లకి జిగురై గేర్లని పట్టేసి వదలదు. దీపారాధన చెయ్యగా మిగిలింది వేసేవాళ్లు కొందరు. ఒకాయన ఆవునెయ్యి వేశాడు. మిషను మీద ఆయనకి అంత ప్రేమ.

ఎస్. రాయవరం నుంచి ఎడ్ల పట్టెడలు కుట్టే రైతు ఒకాయన వచ్చేవాడు. మిషనుకి ఆముదం పోసి తెచ్చేవాడు. వాళ్ల తాత బండి ఇరుసుకి ఆముదమే పోశాడట, ఆ బండికి ఏనాడూ ఏమీ కాలేదట. బండి చక్రం ఒకసారి తిరిగేలోపు ఈ సూది ఎన్నిసార్లు దిగుతుందో చేత్తో తిప్పి చూపించాను. శ్రద్ధగా చూశాడు, తలాడించాడు, చాలా మంచి మాట చెప్పేవు మామా అన్నాడు. మళ్లీ వచ్చినప్పుడు వేరుశెనగ నూనె పోసి తెచ్చాడు.

ఇంకోసారి ఒక బెల్లం వ్యాపారి తన గోడౌన్‌లో పడున్న మిషను రిక్షాలో పంపించాడు. వానాకాలం అటక మీది బెల్లం నీరు కారి, కింద మిషనులోకి ఏళ్ల తరబడి దిగింది. నేను స్క్రూ విప్పగానే చీమలు బారులు కట్టి బయటికి వచ్చాయి. ఆ రోజు షాపులో పని జరగలేదు. పక్క కొట్టువాడు టీ తెప్పించుకుని మరీ కూర్చుని చూశాడు. దానికి మాత్రం మామూలుగా వాడే కిరసనాయిలు కన్నా ముందు వేడినీళ్లు వాడాల్సి వచ్చింది. మీలో ఎవరైనా ఈ ఊళ్లో పని చేస్తే, ఆ వైద్యం గుర్తు పెట్టుకోండి.

జిగురు పట్టిన మిషనుకి కావలసినవి కిరసనాయిలు, పాత గుడ్డ, ఓపిక. కిరసనాయిలు ఇప్పుడు దొరకడం కష్టం, ఓపిక అంతకంటే కష్టం. నేటి పిల్లలు ఫోన్లో వీడియో చూసి స్ప్రే డబ్బా కొడుతున్నారు. కొట్టగానే చక్రం గిర్రున తిరుగుతుంది, అందరూ మెచ్చుకుంటారు. కొద్ది రోజులకి ఆ తడి ఆరిపోయి, లోపలి మురికి మళ్లీ బిగుస్తుంది. ఇక సుత్తి పట్టుకునేవాళ్ల గురించి రాయను. రాస్తే నాకు బీపీ పెరుగుతుంది.

సాయిబు గారి ఎర్ర చుక్కలు

నాకు పని నేర్పింది మస్తాన్ సాయిబు గారు. బక్కపలచని మనిషి, ముక్కు మీద కోపం. మిషన్లని మీరు అనేవారు, మనుషుల్ని నువ్వు అనేవారు. మిషను తెచ్చినవాడి ముందే సూది దగ్గర వాసన చూసి, ఏం తాగించావు వీరికి అని అడిగేవారు. అవతలివాడు నిజం చెప్పేదాకా స్క్రూ విప్పేవారు కాదు. ఎంతటి షావుకారైనా ఆయన ముందు తలొంచుకుని, కొబ్బరినూనండీ అని ఒప్పుకోవలసిందే.

ఆయన చేతిలో ఉన్న పని నేను మరెవరి దగ్గరా చూడలేదు. అయినా ఆయనలో ఒక లోపం ఉంది, చెప్పకపోతే మీకు ఉపయోగం ఉండదు. ఆయన విడమరిచి చెప్పరు. కస్టమర్లకి చెప్పడం గోడకి చెప్పడం ఒకటే అని ఆయన నమ్మకం. అందుకని ఒక ఉపాయం కనిపెట్టారు. బాగుచేసిన ప్రతి మిషను మీదా నూనె బెజ్జాల చుట్టూ సన్న కుంచెతో ఎర్ర రంగు పెట్టేవారు. ఎక్కడ ఎర్రగా ఉంటే అక్కడ నూనె వెయ్యాలి. చదువు వచ్చినవాడికీ రానివాడికీ ఒకే గుర్తు.

"నోటితో చెబితే మరిచిపోతారు అప్పారావ్. రంగు మరిచిపోరు," అనేవారు.

అది మాత్రం నిజమైంది. ఎవరూ మరిచిపోలేదు.

మన ఊళ్లల్లో దసరాకి పనిముట్లన్నిటికీ పూజ చేస్తారని మీకు తెలుసు కదా. కడిగి, పసుపు రాసి, బొట్టు పెడతారు. మిషనుకి బొట్టు ఎక్కడ పెట్టాలి అన్న సందేహం మా సాయిబు గారు మిషన్లు బాగుచెయ్యకముందు జనానికి ఉండేదేమో. తరవాత లేదు. గుండ్రంగా, ఎర్రగా, ఒక చుక్క అప్పటికే అక్కడ ఉంది. దాని మీదే కుంకం అద్దేవారు. దసరా వెళ్లిన వారం మా షాపు ముందు మిషన్లు వరస కట్టేవి. అన్నీ తిరగనివే. సాయిబు గారు ఆ బెజ్జాలన్నీ పిన్నుతో పొడుచుకుంటూ, ఈ ఊరి గాలిలోనే ఎర్రమట్టి ఉందని తిట్టుకునేవారు. పనిమీద తప్ప దేనిమీదా ధ్యాస లేని మనిషి, ఆ మట్టి ఏడాదికోసారే ఎందుకు వస్తోందో ఆలోచించలేదు. నాకు తెలిసీ ఎందుకు చెప్పలేదంటారా? ఆయనకి ఎదురు చెప్పడమనేది మా షాపులో ఎవరూ చెయ్యని పని.

సూరమ్మత్త మిషను

ఇక అసలు కేసు. ఇది నేను షాపు మూసేసే ఏడాది జరిగింది.

స్టేషన్ వైపు నూకయ్య మామకి చెప్పుల కొట్టు ఉంది. చేతులు వణకడం మొదలయ్యాక మామ పని మానేసి కొట్టు ముందు మంచం వేసుకున్నాడు. కోడలు పైడితల్లి పని అందుకుంది. మామ కంటే సాఫీగా కుడుతుంది, ఆ మాట మామే అంటాడు. మామ భార్య సూరమ్మత్త కొట్టులో ఏ పనీ చెయ్యదు, కానీ ఆవిడ అవునంటేనే ఏ పనైనా అవుతుంది.

ఊళ్లో ఒక డాక్టరు గారు తన ఆస్పత్రికొచ్చే సుగరు రోగులకి చెప్పులు కావాలని పైడితల్లిని అడిగారు. కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకి మేకు కొట్టిన చెప్పులు ఇవ్వకూడదు. మేకు గుచ్చుకున్నా వాళ్లకి తెలీదు, పుండు పడ్డాకే తెలుస్తుంది. కాలి కింద మెత్తటి అట్ట పెట్టి, మొత్తం కుట్టుతోనే చెయ్యాలి. బెల్లానికి పేరుపడ్డ మా ఊళ్లో ఇలాంటి చెప్పులకి గిరాకీ ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. సోమవారం నమూనా జత చూపిస్తే, ఆ ఆస్పత్రి చెప్పులన్నీ పైడితల్లివే.

సరిగ్గా అప్పుడే మిషను బిగుసుకుపోయింది. చక్రం సగం తిరిగి ఆగిపోతోంది. ఎవరో కుర్రాడు వచ్చి స్ప్రే కొట్టి, సుత్తితో పరామర్శించి, దీనికి సామాన్లు దొరకవు, పాత ఇనుముకి వేసెయ్యండి అన్నాడు. ఆ మాట ఎలా పాకిందో, విశాఖపట్నంలో కొత్తగా హోటలు పెడుతున్న ఒకాయన వచ్చి, మంచి ధర ఇస్తానన్నాడు. గుమ్మంలో అలంకారానికి పెట్టుకుంటాడట. పని చెయ్యకపోయినా పర్వాలేదన్నాడు. అలాంటి ఉద్యోగం నాకు వయసులో ఉన్నప్పుడు దొరికి ఉంటే ఈ మోకాళ్లు ఇలా ఉండేవి కావు. సోమవారం మధ్యాహ్నం వ్యాను తెస్తానని చెప్పి వెళ్లాడు.

పైడితల్లి శనివారం నా దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయి ఏడవలేదు గానీ, ఏడ్చినా బాగుండేది.

"మిషను పోతే మేకులే కొట్టుకోవాల మావా. మేకుల సెప్పులు డాక్టరు గోరు తీసుకోరు. ఈ కొట్టు ఇంక నడవదు," అంది.

వెళ్లి చూశాను. మిషను నిండా పసుపు. పైన, సూదికడ్డీకి నూనె దిగే పెద్ద బెజ్జం ఉండాల్సిన చోట, కుంకం గడ్డకట్టి రూపాయి బిళ్లంత బుడిపె అయి ఉంది. ఏళ్ల నాటి కుంకం, పొర మీద పొర. లోపలికి నూనె చుక్క దిగి ఎన్నాళ్లయిందో మా ఊరి దేవత నూకాలమ్మకే తెలియాలి. సన్న తీగతో అంచు గీకాను. ఇంకోసారి గీకబోతే సూరమ్మత్త వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"సెయ్యి తియ్యి అల్లుడా. అది మా ఆయన పేరు మీద ఉన్న బొట్టు. దాన్ని గీకితే నా బొట్టు గీకినట్టే."

మంచం మీంచి నూకయ్య మామ, నేనిక్కడే బతికే ఉన్నాను కదే, నాకేమీ అవదు, తియ్యనీ అన్నాడు. అత్త ఆయన వైపు తిరిగి కూడా చూడలేదు. ఆయన ఆయుష్షు గురించి ఆయన అభిప్రాయం ఆవిడకి అక్కర్లేదు.

నేను నచ్చజెప్పబోయాను. ఆవిడ మధ్యలోనే అందుకుంది.

"ఆ బొట్టు ముందల ఎట్టింది నాను కాదు. మీ సాయిబు గోరు. మిషను బాగుసేసి ఇంటికి పంపినప్పుడు, ఆయన సేత్తో బొట్టెట్టి పంపేరు. మా దేవుడు కాదు, మా పూజ కాదు, అయినా మా ఇంటికి ఎల్లే మిషనని ఎట్టేరు. అంత పెద్దమనిషి ఎట్టింది సెరిగిపోకూడదనే పెతీ దసరాకీ దాని మీదే ఎడతన్నాను."

ఇప్పుడు నేనేం చెప్పాలి? అది బొట్టు కాదత్తా, నూనె బెజ్జానికి పెట్టిన గుర్తు అంటే, ఇన్నేళ్ల భక్తీ నవ్వులపాలు. చెప్పకపోతే మిషను హోటలు గుమ్మంలోకి. మిషన్ల సంగతి అడిగితే చెప్పగలను గానీ, ఇలాంటివి సాయిబు గారు నాకు నేర్పలేదు.

దారి చూపించింది నూకయ్య మామ. మంచం మీద అటు తిరిగి పడుకుని, ఎవరితోనూ కానట్టు అన్నాడు: "నూకాలమ్మకి మాత్రం పాత కుంకం కడక్కుండానే కొత్తది ఎడతన్నారేటి?"

కిరసనాయిలు అభిషేకం

ఆ మాట పట్టుకున్నాను. తియ్యడం కాదత్తా, అభిషేకం చేద్దాం అన్నాను. అభిషేకంలో పోయిన బొట్టు పోయినట్టు కాదు కదా, వెంటనే కొత్తది పెడతాం. అత్త ఆలోచించింది. కిరసనాయిలుతో అభిషేకమేమిటని అడిగింది. ఒక్కో దేవుడికి ఒక్కోటి ఇష్టం, వినాయకుడికి ఉండ్రాళ్లు, ఇనుముకి కిరసనాయిలు అన్నాను. కాసేపు నన్ను ఎగాదిగా చూసి ఒప్పుకుంది. అయితే ఆదివారం తలంటి పోసుకున్నాక చేస్తుందట, తన చేత్తోనే పోస్తుందట.

ఆదివారం పొద్దున్న అత్త పట్టుచీర కట్టుకుని, రాగి ఉద్ధరిణెతో కిరసనాయిలు తీసుకుని, కుంకం బుడిపె మీద కొద్దికొద్దిగా పోసింది. నిజం చెప్పొద్దూ, నా సర్వీసులో అంత ఓపిగ్గా, అంత సన్న ధారగా పోసినవాళ్లని చూడలేదు. నేను నేర్పిన వాళ్లెవరూ అలా పొయ్యలేదు. బుడిపె మెత్తబడి, ఎర్రటి ధార మిషను మెడ మీదుగా దిగింది. నేను గుడ్డ కోసం సంచీ వైపు తిరిగాను. వెనక గంట మోగింది.

తిరిగి చూస్తే అత్త ఎడం చేతిలో గంట, కుడి చేతిలో హారతి పళ్లెం, పళ్లెంలో కర్పూరం. పైడితల్లి అత్తగారి కోసం అగ్గిపెట్టె తీస్తోంది. కింద కిరసనాయిలు ఓడుతున్న మిషను, చుట్టూ తోలు ముక్కలు, పక్కనే మూత తీసిన, తోలు అతికించే సొల్యూషన్ డబ్బా. ఒకరి సాయం లేనిదే మంచం దిగని నూకయ్య మామ మా అందరికంటే ముందు రోడ్డు మీదున్నాడు. నేను అగ్గిపెట్టె లాక్కుని జేబులో పెట్టుకున్నాను.

అత్తకి కోపం వచ్చింది. హారతి లేకుండా అభిషేకమేమిటి, అరకొర పూజ చేస్తే చెయ్యకపోవడమే మంచిదంది. ఆవిడ చెప్పిందీ సబబే. కాసేపు బేరం జరిగింది. చివరికి, హారతి ఇవ్వాలి గానీ రోడ్డుకి అవతలి పక్క నుంచి ఇవ్వాలి అని కుదిరింది. అత్త రోడ్డు దాటి, కిళ్లీ కొట్టు ముందు నిలబడి, కర్పూరం వెలిగించి, ఇవతలున్న మిషనుకి హారతి పట్టింది. మధ్యలోంచి దేవరాపల్లి బస్సు వచ్చింది. ఆ హారతి తన బస్సుకే అనుకున్నాడో ఏమో, డ్రైవరు బండి ఆపి దణ్ణం పెట్టాడు. కండక్టరు దిగి, కళ్లకద్దుకుని, పళ్లెంలో చిల్లర వేసి మరీ ఎక్కాడు. బస్సు కదిలేవరకూ మా మిషనుకి హారతి అందలేదు.

తరవాత నా పని. ఎర్రటి ముద్దంతా తీగతో, గుడ్డతో తీశాను. మళ్లీ కిరసనాయిలు పోశాను. చక్రాన్ని బలవంతపెట్టకుండా కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి ఆడించాను. గుర్తుపెట్టుకోండి, ఈ ఆడించడమే మొత్తం విద్య. కదిలినంత కదలనివ్వాలి, ఆగితే ఆగాలి. అన్నం వేళ దాటాక చక్రం పూర్తిగా తిరిగింది. పైడితల్లి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. బెజ్జం తుడిచి మిషను ఆయిలు వేస్తుంటే, కుంకం కింద, ఇన్నేళ్లయినా చెక్కు చెదరకుండా, మా సాయిబు గారి ఎర్ర రంగు గుండ్రంగా కనిపించింది.

కొత్త బొట్టు ఎక్కడ పెట్టాలని అత్త అడిగింది. నా సంచీలో ఒక ఇత్తడి బిళ్ల ఉంటే, ముందు వైపు, ఏ బెజ్జమూ లేని చోట అతికించాను. అత్తా, దీని నుదురు ఇదీ అన్నాను. అప్పట్నుంచి షాపు మూసేదాకా నా చేతిమీంచి వెళ్లిన ప్రతి మిషనుకీ ఒక బిళ్ల అతికించే పంపాను. ఇది ఏ వీడియోలోనూ చెప్పరు. బొట్టు పెట్టొద్దని ఎవరికీ చెప్పకండి, వినరు, వినక్కర్లేదు కూడా. పెట్టే చోటు చూపించండి.

సోమవారం మధ్యాహ్నం హోటలాయన వ్యాను వచ్చేసరికి పైడితల్లి రెండో చెప్పు కుడుతోంది. ఆయన చాలాసేపు చూసి, ఇది పని చేస్తోందే అన్నాడు, మోసపోయినట్టు. ఆయన్ని ఉత్తచేతులతో పంపడం ఇష్టం లేక, నా షాపులో లోపలి సామానంతా పీకేసిన మిషనొకటి ఉంటే అంటగట్టాను. అది ఇప్పటికీ ఆ హోటలు గుమ్మంలో పూలకుండీ మోస్తోందట. సాయంత్రానికి డాక్టరు గారు నమూనా జత చూసి, లోపల వేలు పెట్టి తడిమి, ఇంక మొదలెట్టమ్మా అన్నారు.

సాయిబు గారి జవాబు

సాయిబు గారు అప్పటికి బాగా పెద్దవారు, చెవులు సరిగా వినపడవు. ఇంటికి వెళ్లి చెవి దగ్గర గట్టిగా చెప్పాను. ఎర్రమట్టి గుట్టు తెలిసి, దగ్గు వచ్చేదాకా నవ్వారు. సూరమ్మత్త చెప్పిన మాట వినగానే నవ్వు ఆగిపోయింది.

"నేను నూనె కోసం పెట్టాను. ఆమె నన్ను పెద్దమనిషిని చేసింది. ఝూటా ఇజ్జత్, నాది కాని గౌరవం, నాకొద్దు అప్పారావ్. చెప్పేస్తాను," అన్నారు.

వద్దని బతిమాలాను. ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదటిసారి, ఫలితం నేను ఎప్పుడూ అనుకున్నట్టే ఉంది. దసరా నాడు ఆటో ఎక్కించుకుని తీసుకెళ్లక తప్పలేదు. మిషను కడిగి, పూలు పెట్టి ఉంది. బొట్టు ఇత్తడి బిళ్ల మీదే ఉంది. సాయిబు గారు కుర్చీలో కూర్చుని, చుట్టూ తిప్పకుండా చెప్పేశారు. అమ్మా, అది బొట్టు కాదు, ఇక్కడ నూనె వెయ్యండి అని చెప్పడానికి పెట్టిన రంగు, ఊళ్లో అన్ని మిషన్లకీ పెట్టాను అని. పైడితల్లి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

సూరమ్మత్త కుంకం భరిణె మూత పెడుతూ అంది:

"మిషను సల్లగా ఉండాలనే గదా ఎట్టేరు. బొట్టు మరెందుకెడతారు బాబూ?"

సాయిబు గారు నా సంచీలోంచి నూనె డబ్బా తీసుకుని, కళ్లు చికిలించి ఆ ఎర్ర చుక్క వెతుక్కుని, బెజ్జంలో ఒక చుక్క వేశారు.